ఫైలుకీ ఇంటిపేరుంటాది

ఆవిడంటే నాకు కుళ్లు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. మనతో పనిచేసి వెళ్లిపోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ గౌరవమనీ అభిమానమనీ మొదలుపెడతారు. నా దగ్గర అవి బొత్తిగా లేవని కాదు, అడుగున కొంచెం ఉన్నాయి. కుళ్లు మాత్రం ఆరేళ్లయినా తరగలేదు.

రాజాం ఊరి చివర మా ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ నేను సిస్టమ్ అడ్మిన్ని, అంటే కంప్యూటర్ సెంటర్లో సర్వర్లు పడిపోకుండా చూసుకునేవాణ్ని. మొన్న పాత సర్వర్ తీసేసి కొత్తది బిగిస్తుంటే, మా ఎలక్ట్రీషియన్ అప్పలసామి పాతదాని మీద దుమ్ము తుడుస్తూ, "ఏటడిగినాదో, ఎవుల్నడిగినాదో, ఇంకేటీ అడగదు పాపం" అన్నాడు.

అది అప్పలసామి మాట కాదు, ఆవిడ మాట. మనిషి వెళ్లిపోయి ఆరేళ్లయినా మాట మాత్రం మా సర్వర్ గదిలో ఇంకా తిరుగుతోంది. నేను పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను. నా మాట ఒక్కటైనా ఎవడూ వాడగా వినలేదు.

ఏది చెడినా ఆవిడ మొదట వేసే ప్రశ్న అదే. "ఏటడిగినాది? ఎవుల్నడిగినాది?" ప్రింటరు ఆగిపోయినా అదే, క్యాంటీన్ నుంచి టీ రాకపోయినా అదే. ఒకసారి సెకండియర్ పిల్ల ఒకతె లాబ్ బయట నిలబడి ఏడుస్తోంది. అటెండెన్సు తక్కువైందట, పరీక్షకి కూర్చోనివ్వరట. నేను వెళ్లి ఊరుకోబెడుతున్నాను. ఆవిడ వచ్చి, "ఏటడిగినావు? ఎవుల్నడిగినావు?" అంది. ఆ పిల్ల అడిగింది గుమాస్తాని, అడగాల్సింది హెచ్‌ఓడీని. రెండు నిమిషాల్లో తేలిపోయింది. నేనైతే ఇంకో అరగంట ధైర్యం చెప్పి ఇంటికి పంపేసేవాణ్ని.

పేరు రాయడం లేదు. రాస్తే కోపమేమీ రాదు గానీ, "నన్నడిగినారేటి?" అంటుంది. అడగలేదు కాబట్టి రాయను.

శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డు ఊరు ఆవిడది. నాన్న, అన్నలు వేటకెళతారు. అమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. పాలిటెక్నిక్ చదివి లాబ్ అసిస్టెంటుగా మా దగ్గర చేరింది. నాది గజపతినగరం దగ్గర పల్లె. వరీ నువ్వులూ పండించుకునే ఇల్లు. ఎంసీఏ చదివాను. ఆవిడ డిప్లొమానీ నా ఎంసీఏనీ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ మొదటి నెల నేను చాలా హాయిగా గడిపాను.

సర్వర్ గదిలోకి చెప్పులతో వచ్చేది కాదు. గుమ్మం బయట విడిచి, కాళ్లు గోనె పట్టాకి రెండుసార్లు రుద్దుకుని వచ్చేది. అప్పలసామి మురిసిపోయి, "పూజగదిలా సూసుకుంటాది" అని అందరికీ చెప్పాడు. ఆవిడ మాత్రం, "పూజా లేదు, ఏటీ లేదు మావా. దుమ్ము ఫ్యాన్లలోకి ఎల్లిపోతాది" అంది. వచ్చిన రెండో రోజే అతను మావ అయిపోయాడు. నేను అన్నయ్యనయ్యాను. నన్ను సార్ అనకపోవడం నాకు నచ్చలేదు. అన్నయ్య అన్నందుకు ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

మాట విషయంలో నాకొక పట్టింపుంది. మా ఊరి యాసని నేను కాలేజీ చదువుకి వెళ్లిన ఏడాదే వదిలేశాను. "చెప్పు" అంటాను, "సెప్పు" అనను. ఆవిడ ప్రిన్సిపాల్ ఎదుట కూడా "సెప్తన్నాను కదా సార్" అనేది. ఒకరోజు పక్కకి పిలిచి, "చెప్తున్నాను అనాలమ్మా" అన్నాను.

"ఏం, మీకు అర్తం కాలేదేటన్నయ్యా?" అంది, నిజంగానే కనుక్కుంటున్నట్టు.

అర్థమైందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇక మా ఇద్దరి మధ్యకి వచ్చిన అసలు సంగతి చెప్పాలి. రాష్ట్రం విడిపోతుందా లేదా అని సమ్మెలు నడుస్తున్న రోజులవి. కరెంటు ఎప్పుడు పోతుందో, పోతే ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. సర్వర్లకి యూపీఎస్ బ్యాటరీలు పక్క గదిలో ఉండేవి. ఆ బ్యాటరీల మీద కన్నేసి ఉంచడానికి సర్వర్లో ఒక ప్రోగ్రాం ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మేం దాన్ని పవర్ సర్వీసు అనేవాళ్లం. కరెంటు పోయాక బ్యాటరీ ఎంత మిగిలిందో చూడడం, బాగా తగ్గితే అన్నీ భద్రం చేసి సర్వర్‌ని పద్ధతిగా ఆపేయడం, ఇంతే దాని పని. పని చిన్నదే గానీ మొత్తం సర్వర్‌ని ఆపేసే అధికారం దాని చేతిలో ఉంటుంది. అలాంటిదాన్ని ఎవడైనా లోబరుచుకుంటే మన కొంప మునిగినట్టే.

అందుకని సర్వర్లని నడిపించే లినక్స్‌లో ఒక కాపలా ఉంటుంది, ఎస్ఈ లినక్స్ అంటారు. మామూలుగా కంప్యూటర్లో ఎవరి ఫైలుకి వాళ్లే యజమానులు, ఎవరికి చూపించాలో వాళ్ల ఇష్టం. రూట్ అనే పెద్దాయన ఏం చేసినా అడిగేవాడే ఉండడు. ఈ కాపలా ఉంటే అలా కుదరదు. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు ముట్టుకోవచ్చో ముందుగా రాసిపెట్టాలి, ఆ రాతని పాలసీ అంటారు. రాయని పని రూట్ చేయబోయినా ఆపేసి, "డినైడ్" అని, అంటే కుదరదని, లాగ్ అనే చిట్టాలో ఒక లైను పడేస్తుంది. ఇది సర్వర్లు నడిపేవాళ్లకి ఎంత తలనొప్పంటే, కొత్త సర్వర్ పెట్టగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని ఆపేయడం. నేనూ ఆపేశాను, ఏళ్ల తరబడి సుఖంగా ఉన్నాను.

ఆవిడ వచ్చిన రెండో వారంలో అడిగింది.

"కాపలా ఎందుకాపీసినారన్నయ్యా?"

"అడ్డొస్తుందమ్మా."

"అడ్డు రావడమే కదేటి దాని పని?"

నేను టీకని లేచాను.

ఈ కాపలా ప్రతి ఫైలుకీ, ప్రతి ప్రోగ్రాముకీ ఒక గుర్తు తగిలిస్తుంది. పుస్తకాల్లో దాన్ని లేబుల్ అంటారు. ఆవిడ ఇంటిపేరు అనేది. "ఫైలుకీ ఇంటిపేరుంటాది. ఏ ఇంటోలు ఏ ఇంటికి ఎల్లొచ్చో రాసుకోవాల, అంతే" అని లాబ్‌లో పిల్లలకి చెప్పింది. నేను రెండు గంటలు బోర్డు నింపినా ఎక్కని పాఠం ఈ ఒక్క ముక్కతో ఎక్కేసింది. ఇంటిపేరు సంగతి మన పిల్లలకి ఇంకొకరు నేర్పాలా? సంబంధం మాట రాగానే మొదట అడిగేది అదే కదా. ఇంత తేలిక మాట నాకెందుకు తట్టలేదని వారం రోజులు కుమిలాను. పైకి మాత్రం, "పరీక్షలో ఇంటిపేరు అని రాయకండర్రా, లేబుల్ అని రాయండి" అన్నాను.

ఆవిడ కాపలాని మళ్లీ మొదలుపెట్టింది. కానీ మూడు వారాలు చూడ్డానికి మాత్రమే. అది ఏదీ ఆపదు, ఆపాల్సినవేవో లాగ్‌లో రాస్తుంది. పవర్ సర్వీసు ఏం అడుగుతోందో, ఎందుకు అడుగుతోందో ఆవిడ రోజూ ఒక రిజిస్టర్లో ఎక్కించుకునేది. నాకు ఓపిక నశించింది. ఆ లాగ్ మొత్తం మింగేసి, అడిగినవాటన్నిటికీ ఒకే దెబ్బలో అనుమతి రాసిచ్చే పనిముట్టు ఒకటుంది. ఒక మధ్యాహ్నం దాంతో పది నిమిషాల్లో పాలసీ తయారుచేసి, నాలుగు పేజీలు ప్రింటు తీసి, టీ తాగుతున్న ఆవిడ ముందు పెట్టాను.

"ఇదిగో నీ మూడు వారాల పని" అన్నాను. గొప్పగానే అన్నాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, లైను కింద లైను వేలు పెట్టి చదివింది.

"అడిగిందల్లా ఇచ్చీసినారన్నయ్యా."

"అడిగింది కాబట్టే ఇచ్చాను."

"ఇది అందరి సొంత ఫోల్డర్లూ సూస్తానని అడిగినాది. అక్కడ దీనికేటి పని?"

"ఆపేముందు ఎవరెవరు పనిచేసుకుంటున్నారో చూస్తుందేమో."

"దీపం ఆర్పీసేవోడికి బీరువా తాళాలెందుకు?"

అప్పలసామి పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే టీ పొలమారి దగ్గాడు. ఆ పూట నాకు దక్కిన తృప్తి అదొక్కటే.

తర్వాత ఆవిడ వెతికితే, ఎవరో ఎప్పుడో రాసిన పనికిరాని లైను ఒకటి దొరికింది. దానివల్లే పవర్ సర్వీసు అందరి ఫోల్డర్లూ తిరగబోతోంది. ఆ లైను తీసేసింది. చివరికి ఆవిడ రాసిన పాలసీ పదకొండు లైన్లు. బ్యాటరీ చూడొచ్చు, తన సెట్టింగుల ఫైలు చదవొచ్చు, తన లాగ్ రాసుకోవచ్చు, సర్వర్‌ని ఆపొచ్చు, ఇలాంటివే. ఇంకేం ముట్టకూడదు. అది రాశాకే కాపలాని నిజంగా అడ్డుపడేలా పెట్టింది.

"ఇంత పిసినారితనం ఏమిటమ్మా?" అన్నాను.

"మా నాన్న తెప్ప మీద తెడ్డు పట్టినోడు వల ముట్టడన్నయ్యా. ముట్టినాడంటే తెడ్డు ఒగ్గీసినాడనే కదా."

మధ్యాహ్నం క్యారేజీ విప్పితే నెత్తళ్ల చేపల వేపుడు వాసన కంప్యూటర్ సెంటరంతా పాకేది. "ఎవరిదీ కంపు?" అని ఒకసారి కావాలనే అన్నాను. ఆవిడ నా ప్లేటులో నాలుగు వేసింది. తిన్నాను. మా ఇంట్లో ఎప్పుడూ అంత బాగా కుదరలేదు. మర్నాటి నుంచి అడక్కుండానే వేసేది. అడక్కుండా ఆవిడ ఇచ్చినవి నాకు తెలిసి అవి మాత్రమే అని అప్పట్లో అనుకునేవాణ్ని.

ఆ రిజిస్టరు తర్వాత బ్యాటరీ గదికి శాశ్వతంగా ఉండిపోయింది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని గడులు గీసింది. ప్రిన్సిపాల్ గారు చూసి, చివర "ఎవరి వల్ల" అని ఇంకో గడి గీయించారు. ఆయన ఉద్దేశం మమ్మల్ని భయపెట్టడం. ఆవిడ భయపడలేదు. ఒకసారి పాలసీలో ఒక అక్షరం తప్పు రాసింది, లాగ్ ఆగిపోయింది. ఆ గడిలో తన పేరు గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. ఇంకోసారి రాసుకుంది. మూడోసారి కూడా రాసుకుంది. "ఎందుకే అలా మీదేసుకుంటావు?" అని అప్పలసామి కసిరితే, "నా వల్లే కదా మావా" అంది. నా వల్ల జరిగినవి ఆ రిజిస్టర్లో ఎలా పడేవంటే, "ఎవరి వల్ల" అన్న చోట "సాంకేతిక కారణం" అని పడేవి.

అప్పటికి మేమిద్దరం కాంట్రాక్టు మీదే ఉన్నాం. ఒకరిని పర్మనెంటు చేస్తామని యాజమాన్యం చెప్పింది. ఒక్కరినే. మా ఇంట్లో ఆ కబురు కోసం నా భార్య మొక్కని దేవుడు లేడు. ఆవిడకీ అవసరమే. అమ్మకి మోకాళ్లు పోయాయని, ఇంక గంప దింపించేయాలని అప్పలసామితో అనగా విన్నాను. విన్నాను గానీ విననట్టే ఉన్నాను.

ఆ నెలలోనే కొత్త బ్యాటరీలు వచ్చాయి. ఎంతకి తగ్గితే సర్వర్ ఆపాలన్న అంకె పవర్ సర్వీసు సెట్టింగుల ఫైల్లో మార్చాలి. ఆవిడ పిన్ని కూతురి పెళ్లని రెండు రోజులు సెలవు పెట్టింది.

"ఆ గుంట ఎల్లుండి వచ్చీస్తాది కదా బాబూ, అంతవరకూ ఒగ్గీండి" అన్నాడు అప్పలసామి.

ఆ మాట అనకపోతే ఆగేవాణ్నేమో. ఆ పిల్ల లేకపోతే ఇక్కడ అంకె కూడా మార్చలేమా అనిపించింది. నా సొంత ఫోల్డర్లో కొత్త ఫైలు రాసుకుని, దాన్ని తీసుకెళ్లి సర్వీసు ఫోల్డర్లో పెట్టాను.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఫైలుని ఇంకో చోట పెట్టడానికి రెండు దారులు. సీపీ అని కొడితే నకలు తీస్తుంది. ఎంవీ అని కొడితే ఉన్నదాన్నే తరలిస్తుంది. నకలు కొత్తచోట పుడుతుంది కాబట్టి దానికి అక్కడి ఇంటిపేరే వస్తుంది. తరలించింది మాత్రం పాత ఇంటిపేరు మోసుకుంటూ వస్తుంది. "మకాం మారిస్తే ఇంటిపేరు మారిపోద్దేటి?" అని ఆవిడ పిల్లలకి చెప్పడం ఎన్నోసార్లు విన్నాను. అన్నిసార్లు విని, అలవాటు కొద్దీ ఎంవీ కొట్టాను. సర్వీసుని మళ్లీ మొదలుపెడితే తెర మీద ఆకుపచ్చగా ఓకే అని పడింది. ఈల వేసుకుంటూ ఇంటికెళ్లాను.

మర్నాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటర్ మొండికేసింది. ఏం ఫరవాలేదు, బ్యాటరీ తగ్గితే పవర్ సర్వీసు చూసుకుంటుంది అని నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. అది కిక్కురుమనలేదు. బ్యాటరీ అడుగంటింది, సర్వర్ నడుస్తూ నడుస్తూనే టప్పున ఆరిపోయింది. కరెంటు వచ్చాక చూస్తే ఇంటర్నల్ మార్కులు ఉన్న డేటాబేస్ పాడైపోయింది. పరీక్షల విభాగం వాళ్లు కాగితాల కట్టలు ముందేసుకుని అన్నీ మొదటినుంచి ఎక్కించాల్సి వచ్చింది. వాళ్లు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఆ పై రోజు పొద్దున్న ప్రిన్సిపాల్ గారు మీటింగు పెట్టారు. వెళ్లేముందు లాగ్ తెరిచాను. ఉంది. పవర్ సర్వీసు, సెట్టింగుల ఫైలు, డినైడ్. నేను చూసిన ఆకుపచ్చ ఓకే సర్వీసు లేచిందనే గానీ ఫైలు చదివిందని కాదు. ఫైలుకున్న ఇంటిపేరు సొంత ఫోల్డర్లది. సొంత ఫోల్డర్లు ముట్టకూడదని పవర్ సర్వీసుకి ఆవిడ రాసిపెట్టింది కదా, అది చెప్పినట్టే విన్నది. ఎంవీ కొట్టిన నా చెయ్యి నాకు కళ్లముందు కనిపించింది. తెలియక చేశానని తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఫైలు తరలించేటప్పుడు తెలియలేదు, నిజమే. మీటింగులోకి వెళ్లేటప్పుడు మాత్రం తెలుసు.

"ఏమైంది?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

నేనే ముందు అందుకున్నాను. "ఆ ఎస్ఈ లినక్స్ సార్. ఫైలు చదవబోతే కాపలా అడ్డుపడింది. మనలాంటి చిన్నచోట ఇంత కట్టుదిట్టం అక్కర్లేదని నేను మొదటినుంచీ అంటూనే ఉన్నాను."

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు చూడండి.

ఆవిడ అప్పుడే బస్సు దిగి వచ్చింది. చేతులకి పెళ్లి గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. మీటింగుకి రాకముందే సర్వర్ గదికి వెళ్లి లాగ్ చూసొచ్చిందని అప్పలసామి తర్వాత చెప్పాడు.

"ఏమ్మా, నువ్వేమంటావు?"

"ఫైలు ఇంటిపేరు తప్పున్నాది సార్. సరిసేసినాను."

"అది సరే, ఎవరి వల్ల?"

ఆవిడ నా వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

"లాగులో ఫైలు పేరే ఉన్నాది సార్. మనిసి పేరు నేదు."

ప్రిన్సిపాల్ గారు విసుక్కున్నారు. ఇలాంటి అతి జాగ్రత్తల వల్లే పనులు చెడుతున్నాయని ఆవిడకి క్లాసు పీకారు. ఆవిడ నిలబడి విన్నది. నెల తిరక్కుండా పోస్టు నాకొచ్చింది. ఇంట్లో పరమాన్నం వండారు.

ఆవిడకి గరివిడి వైపు ఏదో ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో పని దొరికింది. వెళ్లిపోయే రోజు సాయంత్రం ఐదింటిదాకా మామూలుగానే పనిచేసింది. తాళాలు ఇచ్చేసి, మళ్లీ ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వెళ్లి సర్వర్ ముందు ఐదు నిమిషాలు కూర్చుంది.

"ఇంకా ఏముందమ్మా?"

"ఒక లైనన్నయ్యా. అయిపోనాది."

చెప్పులు తొడుక్కుంటుంటే నేను గుమ్మం దాకా వెళ్లాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "ఏమీ అనుకోకమ్మా" అన్నాను.

ఆవిడ తలెత్తి చూసింది. "ఏటనుకోకూడదన్నయ్యా?"

అడగాల్సిన మాటే, అడగాల్సిన మనిషినే అడిగింది. నేను బస్సుకి టైమవుతోందన్నాను.

పోస్టు నాది, గది నాది, తాళాలు నావి. అయినా కుళ్లు పోలేదంటే మీరు నమ్మాలి. మీటింగులో ఆవిడ నోరు విప్పితే నా పని అయిపోయేది. విప్పలేదు. విప్పి ఉంటే హాయిగా ఆవిణ్ని తిట్టుకునేవాణ్ని. అది కూడా లేకుండా చేసింది.

కాపలాని ఆపే ధైర్యం లేక అలాగే ఉంచేశాను. మొదటి ఏడాది ఆ ఫైలు జోలికి వెళ్లినప్పుడల్లా సీపీయే కొట్టాను. రెండో ఏడాది ఒకసారి మరిచిపోయి ఎంవీ కొట్టాను. ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాను, ఏమీ కాలేదు. కరెంటు పోయినప్పుడల్లా పవర్ సర్వీసు బుద్ధిగా సర్వర్‌ని ఆపింది. అప్పట్నుంచి నాకు ధైర్యమొచ్చింది. "ఇంటిపేర్లూ గోత్రాలూ అంటూ ఊరికే హడలగొట్టింది. నా చేతి కింద ఒక్కసారైనా పడిందా?" అని అప్పలసామితో అనేవాణ్ని. అతను వినీ విననట్టు బ్యాటరీల్లో నీళ్లు పోసుకునేవాడు. ప్రిన్సిపాల్ గారు కూడా ఒక సభలో ఇదే అన్నారు, నా పేరు చెప్పి. చప్పట్లు కొట్టారు.

ఇక మొన్నటి సంగతి. పాత సర్వర్లో సెట్టింగులు ఒక్కొక్కటే చూసుకుంటూ కొత్తదాంట్లోకి ఎక్కిస్తున్నాను. కాపలా ఫోల్డర్లో నేనెప్పుడూ తెరవని చిన్న ఫైలు ఒకటి కనిపించింది. అందులో పేరు రాసిన ఫైళ్ల మీద ఒక ప్రోగ్రాం కన్నేసి ఉంచుతుంది. ఎవరైనా తప్పు ఇంటిపేరుతో తెచ్చిపడేస్తే వెంటనే దిద్దేస్తుంది. అట్టడుగున ఒక లైనుంది. నా సెట్టింగుల ఫైలు పేరు. దాని పైన ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుంది: "ఇది మకాం మారతా ఉంటాది." తేదీ చూశాను. ఆవిడ వెళ్లిపోయిన రోజు.

వెంటనే నమ్మలేదు. కొత్త సర్వర్లో ఆ లైను లేకుండా చేసి, ఫైలు నా ఫోల్డర్లో రాసి, ఎంవీ కొట్టి, సర్వీసుని మళ్లీ మొదలుపెట్టాను. ఆకుపచ్చగా ఓకే అని పడింది. లాగ్ తెరిచాను. డినైడ్. ఆరేళ్ల కిందటి లైనే, అక్షరం మారలేదు. ఇన్నేళ్లు నా చేతి కింద పడకుండా నిలబెట్టింది నా చెయ్యి కాదు. నాకు సిగ్గేసిందని రాస్తే బాగుంటుంది. ముందు వచ్చింది మాత్రం ఒళ్లుమంట. వెళ్లిపోతూ వెళ్లిపోతూ కూడా నాకంటే ఒక మెట్టు పైనే కూర్చుని వెళ్లింది. సిగ్గు ఆ తర్వాత నెమ్మదిగా వచ్చింది, వచ్చాక పోలేదు.

"ఏటి బాబూ, మొకం అలాగున్నాది?" అన్నాడు అప్పలసామి.

"ఆవిడ నంబరు ఉందా?"

"ఉండకేటి? నెలకోపాలి సేస్తాది నాకు."

నాకు ఒక్కసారీ చేయలేదు. ఆ మంట కూడా దిగమింగి నంబరు కొట్టాను. అవతల ఏవో యంత్రాల హోరు.

"ఎవులండీ?"

"నేనమ్మా, రాజాం నుంచి."

"అన్నయ్యా! బావున్నారేటి?"

ఆ రోజు ఫైలుని తరలించింది నేనే, లాగ్ చూసి కూడా మాట్లాడకుండా కూర్చున్నాను, అని చక్కగా చెప్పాలని వాక్యం పేర్చుకున్నాను. నోరు తెరిస్తే వచ్చింది వేరు. "ఆ పైలు నానే మార్సినానమ్మా. తెలిసే సెప్పనేదు" అన్నాను. అప్పలసామి చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా నోట ఆ మాట తీరు అతనెప్పుడూ వినలేదు. నేనే విని పాతికేళ్లవుతోంది.

ఆవిడ పక్కకి నడిచినట్టుంది, హోరు కొంచెం తగ్గింది.

"ఎవులడిగినారన్నయ్యా ఇప్పుడు?" అంది ఆవిడ.

"ఎవులూ అడగనేదు."

"మరయితే ఆ గడి ఇంకా కాళీగానే ఉన్నాదా?" అంది. తర్వాత ఎవరో పిలిచినట్టున్నారు, వస్తన్నాను అని వాళ్లకి చెప్పి పెట్టేసింది.

పాత రిజిస్టరు బ్యాటరీ గది అలమరలోనే ఉంది. ఆ పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏం జరిగింది: సర్వర్ పడిపోయింది. ఎందుకు: ఫైలు మకాం మారింది, ఇంటిపేరు మారలేదు. గుండ్రటి అక్షరాలు. ఎవరి వల్ల: ఖాళీ. కింద ప్రిన్సిపాల్ గారి సంతకం, గడి చూడకుండానే పెట్టేసింది.

ఇంటిపేరుతో సహా నా పేరు ఆ గడిలో రాశాను. ప్రిన్సిపాల్ గారు ఇంకా గదిలోనే ఉన్నారని అప్పలసామి చెప్పాడు. ఆయన దగ్గరికి పట్టుకెళ్లేముందు సిరా ఆరేదాకా ఆగుతూ ఊరికే వెనక పేజీలు తిప్పాను. ఆ గడిలో ఆవిడ పేరు మూడుచోట్ల ఉంది. నాది ఇదే మొదటిది.